రామనగరం దాకా పోతాదా

హెబ్బగోడి, బెంగళూరు
9 ఫిబ్రవరి 2025

మహారాజరాజశ్రీ గురుమూర్తి మామకు, ఆయన ఇంటి మహారాణి నేత్రావతి అత్తకు, వారి గేదెకు మేనల్లుడు శశిధర్ వరుసగా నమస్కరించి చేసుకునే విన్నపం.

మామా, నీ ఉత్తరం అందింది. మా వీధికి పోస్ట్‌మన్ ఉన్నాడని దానివల్లే తెలిసింది. చేత్తో రాసిన కవరు చూసి ఆయన గాభరాపడి, "ఏమప్పా, ఊళ్ళో ఎవరైనా పోయినారా?" అని పరామర్శించాడు. మనుషులెవరూ పోలేదు, మా మామ గొంతు ఒక్కటే పోయింది, అది కూడా ఏడాదిన్నర కిందట అని చెప్పి పంపించాను. నిజమే కదా. డాక్టరు నీ గొంతుపెట్టె తీసేసి, ఊపిరికి మెడ కింద ఒక కన్నం పెట్టినప్పటి నుంచి ఫోను చేస్తే అత్త ఎత్తుతుంది. నీ తరఫున, తన తరఫున, గేదె తరఫున తనే మాట్లాడుతుంది. నీ మాట మాత్రం ఒక్కటీ నాదాకా రాదు, నీ బటన్ల ఫోనులో తెలుగు రాసి పంపడానికీ వీల్లేదు. కాబట్టి ఈ ఇరవై ఒకటో శతాబ్దంలో కాగితం మీద మాట్లాడుకునే మామా అల్లుళ్ళం మనమే.

ఇక నీ ప్రశ్న. డీజిలు పొగ ఆ కన్నంలోకి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు, బండి తోలడం తప్ప నీకు వేరే పని రాదు, పలమనేరులో చవకగా ఒక కరెంటు పికప్పు అమ్ముతున్నారు. ఊరివాళ్ళ పట్టుగూళ్ళు రామనగరం మార్కెట్టుకు మోయడానికి అది చాలుతుందా లేదా అని ఇంజనీరుగా నేను చూసి చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచి, ఆ డీజిలు పికప్పు తోలి బి.టెక్ చదివించినవాడివి. నా డిగ్రీ కాగితాన్ని వాసన చూస్తే ఇప్పటికీ డీజిలు వాసనే వస్తుంది. నువ్వు అడిగితే ఊరికే 'చాలుతుంది' అంటే మర్యాదగా ఉండదు. ఇదిగో ధ్రువపత్రం.

ఇందుమూలముగా బోడిగుట్టపల్లి సమస్త ప్రజానీకమునకు తెలియజేయడమేమనగా, పైన చెప్పిన విద్యుత్ శకటమును మేము నఖశిఖ పర్యంతం పరీక్షించితిమి. ఇది వెయ్యి కిలోల బరువును అక్షింతల పళ్ళెమువలె మోయును. ఆరు వందల కిలోల పట్టుగూళ్ళు దీనికి తలలో పువ్వు. ఒక్కసారి నిండుగా చార్జి చేసిన నూట డెబ్బై కిలోమీటర్లు పోవును. ఊరి నుండి రామనగరం నూట అరవై. తక్కిన పదింటిలో చోదకుడు కాఫీకి పోయి రావచ్చును. పొగ లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. అలిగిన ఇల్లాలిని పుట్టింటి దాకా సురక్షితముగా చేర్చును. తిరిగి తెచ్చుటకు మాత్రం హామీ ఇవ్వజాలము. ఇట్లు, శశిధర్, బి.టెక్ (మెకానికల్), ఫస్ట్ క్లాస్.

కింద ముద్ర ఉండాలి కదా, టీ గ్లాసు అడుగుతో ఒకటి వేశాను. గుండ్రంగా, గవర్నమెంటు ముద్రకంటే స్పష్టంగా పడింది.

ఇక్కడ నేను కుశలం. మహదేవపుర ఆఫీసులో పని కొండంత. గది హెబ్బగోడికి మార్చింది గాలి కోసం. ఫ్యాక్టరీల మధ్య గాలి ఎంత రుచిగా ఉంటుందో నువ్వు ఎరగవు.

నువ్వు రాసిన ఆ గోరుచుట్టు తగ్గిందని ఆశిస్తూ,
శశి

బోడిగుట్టపల్లి, వి.కోట దగ్గర
24 ఫిబ్రవరి 2025

అల్లుడు శశికి మామ ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. మనూరి అలవాటు నీకు తెల్సు గదా, ఎవరింటికి ఉత్తరం వచ్చినా పొద్దున పాలు పోసే టయానికి పాలకేంద్రంలో అందరికీ చదివి ఇనిపించాల. మిలిటరీకి పోయినోళ్ళ కార్డులు వచ్చే కాలం నుంచీ ఉండే పద్ధతి. ముందు చదివేవాణ్ణి నేనే. ఇప్పుడు సెక్రటరీ బైరప్ప చదవతాడు. ఆయప్ప పాలల్లో వెన్న శాతం చదివినట్టే ఏదైనా చదవతాడు. నీ ధ్రువపత్రం కూడా అట్లే చదివినాడు. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వినాను గానీ, నేను నవ్వితే మెడలోంచి గాలి పోతాది, అంతే. బైరప్ప దగ్గనుకోని నీళ్ళిచ్చినాడు.

చదివి అయినంక మన పక్కింటి మునీంద్ర లేసి, "ఏమప్పా, ముద్ర కూడా ఏసి ఇచ్చినాడే, ఇంకేం అనుమానం," అన్నాడు. అత్తను పుట్టింటి దాకా అనే మాటకు బైరప్ప, "ఆడోళ్ళు కూచుంటే కూడా ఆపకుండా పోతాదని రాసినాడు," అని అర్థం చెప్పినాడు. అత్త మాత్రం నువ్వు వస్తే మాట్లాడతానని చెప్పమనింది. ఆ కాగితం గోడకు అంటించినారు, టీకాల పట్టిక పక్కన.

పాత డీజిలు బండి మునీంద్రకే ఇచ్చేసినాను. కరెంటు బండికి బుక్ చేసినాను. దీంతో బతికినామంటే బతికినాము, లేదంటే నేను ఇంట్లో కూచోవాల. గొంతు లేనోణ్ణి కూలికి కూడా ఎవురూ పిలవరు.

ఒక్క మాట మటుకు అడగాల. బరువు సంగతి బాగా రాసినావు. గూళ్ళకు బరువు కాదు ఇబ్బంది. నలగకూడదని గోతాలు వదులుగా కట్టి, క్యాబిన్ మీద ఇంకో మనిషంత ఎత్తు పేరస్తాము. ఆ ఎత్తు గాలికి ఎదురు నిలబడతాది. డీజిలు బండే కోలారు దాటినంక ముక్కతా పోయేది. అట్లా పేర్చినా నూట డెబ్బై పోతాదా? ఒక తూరి చూసి రాయి.

గురుమూర్తి

హెబ్బగోడి
8 మార్చి 2025

పాలకేంద్రం ఆస్థానంలో వెలుగొందుతున్న మామకు, ఈ ఉత్తరం కూడా చదవబోయే బైరప్ప పెద్దాయనకు, వినబోయే పాలకు వందనాలు.

మామా, ఆ కాగితం గోడ మీంచి తీయించు. అందులో అక్షరదోషాలున్నాయి. అయినా అది నేను సరదాకు రాసింది. టీకాల పట్టిక పక్కన ఉండే అర్హత దానికి లేదు. పిల్లలు దాన్ని చూసి ఏ సూదో అనుకుని ఏడుస్తారు.

గాలి గురించి అడిగావు. గాలి అనే పదార్థాన్ని నేను బి.టెక్ రెండో ఏడాదిలోనే ఎదిరించి, అరవై రెండు మార్కులతో ప్రాణాలతో బయటపడ్డాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ మంచి స్నేహం. నువ్వు దిగులు పడకు. బండి తయారుచేసినవాళ్ళు ఇలాంటివన్నీ లెక్కలు వేసే నూట డెబ్బై అని రాస్తారు. మరీ ముక్కితే ఒక పాట పాడు అనేవాణ్ణి, నీకు ఆ సౌకర్యం తీసేశారు కాబట్టి హారన్ కొట్టు. పోతుంది మామా, పోతుంది.

ఆఫీసులో మా మేనేజరు నిన్న నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "శశిధర్, నువ్వు లేకపోతే ఈ కంపెనీ నడవదు," అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. కాఫీ మిషన్ దగ్గర నాకు దారి ఇస్తున్నారు. ఇంతకంటే మనిషికి ఏం కావాలి?

అత్త నాతో మాట్లాడతానందంటే కొన్నాళ్ళు ఊరికి రాకపోవడమే క్షేమం. ఆమె కోపం తగ్గాక ఒక కార్డు ముక్క రాయి.

నీ అల్లుడు,
వాయుదేవుడి స్నేహితుడు

బోడిగుట్టపల్లి
3 ఏప్రిల్ 2025

శశీ,

నీ ఉత్తరం బైరప్ప చదివినాడు. అక్షరదోషాలున్నాయని, సరదాకని నువ్వు రాసినదానికి ఆయప్ప తల ఊపి, "చూడండప్పా, చానా చదివినోళ్ళకు ఎంత అణకువ ఉంటాదో," అన్నాడు. కాగితం తియ్యలేదు. పైన ప్లాస్టిక్ కవరు కూడా ఏసినారు.

బండి వచ్చింది. తెల్లగా, పాలక్యాను మాదిరి ఉండాది. అత్త చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తోలితే నిమ్మకాయ నలిగిన చప్పుడు ఇనిపించింది. బండి చప్పుడు ఇనిపించలేదు. ముప్పై ఏండ్లలో నా బండి కింద నలిగే నిమ్మకాయ చప్పుడు నేను ఇనింది ఇదే.

వి.కోటకు రెండు తూర్లు, పలమనేరుకు నాలుగు తూర్లు పోయి వచ్చినాను. ఎరువుల మూటలు ఏసినా, సిమెంటు ఏసినా, ఏమీ అనలేదు. సందకాడ ఇంటికొచ్చి ప్లగ్గు పెడితే పొద్దునకు నిండుగా ఉంటాది. దగ్గు తగ్గింది. కన్నానికి కట్టుకునే గుడ్డ సందకాడ ఇప్పితే ముందు నల్లగా ఉండేది, ఇప్పుడు తెల్లగా ఉండాది. అత్త ఆ గుడ్డను అందరికీ చూపిస్తా తిరగతాది, నాకే సిగ్గుగా ఉండాది.

పదహైదో తేదీ మంగళవారం రామనగరానికి మొదటి ట్రిప్పు. ఏడిండ్ల గూళ్ళు. సుంకమ్మ కూడా ఏస్తా ఉండాది. మొగుడు పోయినంక ఆయమ్మ సొంతంగా పెంచిన మొదటి పంట అది. నెల దినాలు పురుగులకు ఆకు తరిగి తరిగి చేతులు పచ్చగా అయిపోయినాయి. "మన ఇంజనీరు బండిలో పోతాయి అన్నా, నాకేం భయం లేదు," అనింది.

కె.ఆర్.పురం మీదనే వస్తాను గదా. మహదేవపురలో నీ ఆఫీసు కాడ ఐదు నిమిషాలు ఆపతాను. అత్త నువ్వుల ఉండలు ఇస్తానంటాది. గేటు బయటికి వస్తే చాలు. నువ్వు చెప్పిన బండి నువ్వే చూడకపోతే ఎట్ల?

మామ

హెబ్బగోడి
9 ఏప్రిల్ 2025

మామా,

హడావిడిలో నాలుగు ముక్కలు. పదిహేనో తేదీ నాకు ఫారిన్ వాళ్ళతో మీటింగు. పొద్దున నుంచి సాయంత్రం దాకా గదిలోంచి తల బయటపెట్టనివ్వరు. గేటు దగ్గర ఆపొద్దు. అక్కడ సెక్యూరిటీవాళ్ళు మహా కఠినులు, నువ్వుల ఉండను కూడా స్కానింగు చేస్తారు. తిన్నగా రామనగరం పో. గూళ్ళు ఎండన పడతాయి. వచ్చేటప్పుడు కూడా ఆపొద్దు, ట్రాఫిక్కు ఎక్కువ.

అత్తకు చెప్పు, ఉండలు పోస్టులో వస్తే ఇంకా రుచిగా ఉంటాయని శాస్త్రం.

శశి

బోడిగుట్టపల్లి
20 ఏప్రిల్ 2025

శశీ,

అత్త బాగుండాది. గేదె ఈనింది, దూడ పెయ్య.

మంగళవారం కోడి కూయకముందే బయల్దేరినాను. కోలారు దాకా బాగా పోయింది. ఆడ నుంచి ఎదురుగాలి. గోతాల మీద కప్పిన టార్పాలిన్ పట్ట తెరచాప మాదిరి ఉబ్బింది. హొసకోటె కాడ చూస్తే చార్జింగు ఒక్క గీతే మిగిలింది. దిగి పట్ట బిగించి కట్టినాను. మెల్లగా తోలినాను. కె.ఆర్.పురం వంతెన దిగి, మహదేవపుర కాడ రింగురోడ్డు పక్కన నిలబడిపోయింది. తొమ్మిది కాలేదు గానీ ఎండ అప్పుడే చురుక్కుమంటాది.

నీకు ఫోను చేసినాను. నేను మాట్లాడలేనని తెల్సు. నా నంబరు చూసి, రోడ్డు చప్పుడు ఇని, నువ్వే కనుక్కుంటావనుకున్నాను. తొమ్మిది తూర్లు చేసినా. ఒక తూరి ఎత్తినావు. "ఏం మామా, ఫోను దానంతటదే నొక్కుకుపోయినట్టుంది, నీ జేబు నాతో మాట్లాడుతోంది, దానికి నా నమస్కారాలు చెప్పు, మీటింగులో ఉన్నాను," అని పెట్టేసినావు. పోనీలే. నీ గొంతు ఇన్నాను, బాగుండావని తెల్సింది.

నీ ఆఫీసు దగ్గరే కదా అని నడిచిపోయినాను. ఆపొద్దన్నావు, అయినా దారి లేక పోయినా. గేటు కాడ అబ్బాయికి నీ పేరు కాగితం మీద రాసి ఇచ్చినాను. మన అక్షరాలు కన్నడం వాళ్ళకు సగం తెల్సినట్టే ఉంటాయి, 'శశి' దాకా చదివినాడు. లోపల ఇంకొకణ్ణి పిలిచి పూర్తిగా చదివించుకోని, కంప్యూటర్లో చూసినాడు. నువ్వు ఆ దినం లీవులో ఉండావని చెప్పినాడు. సరే అని వచ్చేసినాను.

ఎదురుగా పెద్ద చార్జింగు స్టేషను ఉండాది. నలుగురిని బతిమాలి బండి తోయించుకోని పోతే, ఈ చవక రకానికి వాళ్ళ పిన్ను పట్టదన్నారు. మామూలు ప్లగ్గే పెట్టాలంట, ఏడు గంటలంట. పక్కన ఫర్హానా అని ఒకామె, జాకెట్లు కుట్టే అంగడి, తన మిషను తీగ పీకి నాకు ప్లగ్గు ఇచ్చింది. గోతాలు కొన్ని దించి ఆమె అంగడి నీడకు చేర్చినాము. అన్నీ ఆడ పట్టలేదు. నా మెడకు ఉండే గుడ్డ చూసి ఆమె, "అన్నా, ఈ ఊర్లో మీవాళ్ళు ఎవరన్నా ఉంటే నంబరు ఇయ్యి, నేను మాట్లాడతా," అనింది. ఎవరూ లేరని రాసి చూపించినాను.

రామనగరం చేరేటప్పటికి మార్కెట్టు మూసేసినారు. మర్నాడు పొద్దున తట్టల్లో పోసినాము. ఎండకు లోపలి పురుగు చచ్చి గూళ్ళ మీద మరకలు దిగినాయి. దారం తీసేవాళ్ళు వచ్చి, చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి, వాసన చూసి, పక్క తట్ట కాడికి పోయినారు. సందకాడ ఒకాయన అన్నీ కలిపి చెత్త కింద తీస్కున్నాడు.

ఊరికి వచ్చినంక ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును, తల ఊపేదానికైనా పనికొచ్చేవాణ్ణి. సుంకమ్మ వచ్చి ఖాళీ గోతాలు దులిపి మడిచి చంకన పెట్టుకోని పోయింది.

నీ తప్పేమీ లేదు. టయానికి తిను.

గురుమూర్తి

హెబ్బగోడి
26 ఏప్రిల్ 2025

మామా,

గేటు దగ్గర అబ్బాయి ఆ మాట చెప్పి ఉండడు. లీవులో ఉన్నానని చెప్పాలంటే నా పేరు ఆ కంప్యూటర్లో ఉండాలి. పోయిన సెప్టెంబరు నుంచి లేదు. ఒక శుక్రవారం ముప్పై ఒక్క మందిని వరుసగా గదిలోకి పిలిచారు. మేనేజరు నాతో అన్నది, నేను లేకపోయినా కంపెనీ నడుస్తుందని. మంచివాడే, మంచినీళ్ళ సీసా చేతికిచ్చి మరీ చెప్పాడు. ఆ గేటు అబ్బాయి నీకు నిజం చెప్పాడు, నువ్వు నా కోసం లీవు అని మార్చి రాశావు. ఫోనులో నేను మీటింగు అన్నాను, నువ్వు లీవు అని రాశావు. మనిద్దరం ఒకే అబద్ధం మీద కూడా కుదరలేదు.

ఇప్పుడు నేను హెబ్బగోడిలో ఒక గోడౌనులో పార్సిళ్ళకు చిరునామా చీటీలు అంటిస్తున్నాను. గది మార్చింది గాలి కోసం కాదు.

ఆ బండిని నేను కంటితో చూడలేదు. టీకొట్టు దగ్గర ఫోనులో దాని ప్రకటన చూశాను, టీ అయిపోయేలోపు ధ్రువపత్రం కూడా అయిపోయింది. నువ్వు నవ్వుకుంటావని రాశాను. చదివేది నువ్వు కాదనే సంగతి తోచలేదు. గోడకు అంటించారని తెలిశాక గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెబితే బండి చూడలేదని ఒప్పుకోవాలి. ఎందుకు చూడలేదంటే ఉద్యోగం సంగతి. అందుకని ఇంకో నాలుగు జోకులు వేశాను.

గాలి గురించి నువ్వు అడిగావు. ఏడో తరగతి చదివిన మనిషివి సరైన ప్రశ్న అడిగావు. దానికి జవాబు నా రెండో ఏడాది పుస్తకంలో ఉంది, పది నిమిషాల లెక్క. మొన్న నీ ఉత్తరం చదివాక వేశాను. అంత ఎత్తు గోతాలతో, ఎదురుగాలిలో, నూట ఐదు కిలోమీటర్లు వచ్చింది. ఊరి నుంచి నువ్వు ఆగిపోయిన చోటికి నూట మూడు. అంత దగ్గరగా వచ్చింది నా లెక్క, చూడు. నాకు పని వచ్చు మామా. చేయలేదు, అంతే.

ఇంకొకటి. ఆ రోజు ఫోనులో నీ ఊపిరి వినిపించింది. మెడలోంచి వచ్చే ఆ సన్నని ఈల నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? గుర్తుపట్టాను. వెనకాల సూపర్‌వైజరు, "ఏయ్ స్టిక్కర్, ఫోన్ పెట్టు," అని అరుస్తున్నాడు. అది నీకు వినపడుతుందని భయపడి పెట్టేశాను.

ఈ ఉత్తరం బైరప్ప పెద్దాయన చేత చదివించు. మొదటి నుంచి చివరి దాకా, సుంకమ్మ పిన్ని ఉన్నప్పుడు. తర్వాత నేను వస్తాను. అందరి ముందు నిలబడతాను, ఏమన్నా పడతాను. బండి నేనే తోలుతాను, పలమనేరుకో వి.కోటకో, అది పోగలిగినంత దూరం. నువ్వు మాత్రం పొగ జోలికి పోవద్దు.

శశి

బోడిగుట్టపల్లి
12 మే 2025

అల్లుడు శశికి,

ఉత్తరం నా చేతికే వచ్చింది. బండి కాడ కూచోని చదువుకున్నాను. మర్నాడు పాలకేంద్రంలో బైరప్ప, "అల్లుడు ఏం రాసినాడప్పా, ఇటియ్యి," అని చెయ్యి చాచినాడు. ఇంట్లో సంగతులు అని పలక మీద రాసి చూపించినాను. ఆయప్ప చాచిన చెయ్యి కొంచేపు అట్లే ఉండింది. మనూర్లో ఉత్తరం దాచుకున్నోడు ఇంతవరకూ ఎవడూ లేడు.

చదివించను శశీ. నువ్వు ఎన్ని తూర్లు రాసినా చదివించను.

ఊరికి నేను చెప్పింది వేరే. ముందు దినం ప్లగ్గు సరిగ్గా పెట్టలేదు, చూసుకోలేదు, తప్పు నాది అని రాసి చూపించినాను. నమ్మినారు. గొంతుతో పాటు కొంచెం బుర్ర కూడా తీసేసినారని ముందు నుంచే అనుకుంటా ఉండిరి, అది నాకు తెల్సు. బండి కొనాలనుకున్నోళ్ళకు కూడా రాసినాను: పలమనేరు దాకా, వి.కోట దాకా అయితే ఇది బంగారం, గూళ్ళు ఎత్తుగా ఏసుకోని రామనగరానికైతే పోదు, నేను తోలి చూసిన మాట అని. కాబట్టి నీ కాగితం నమ్మి ఇంకొకరు చెడిపోయేది లేదు. ఆ దిగులు పెట్టుకోవద్దు.

గూళ్ళు మటుకు ఇంక ఎవరూ నాకు ఇయ్యరు. కరెంటు బండి కొట్టంలో ఉండాది, దూడను దాని నీడకు కట్టేస్తా ఉండాము. మునీంద్ర కాడ నా పాత డీజిలు బండి ఉండాది గదా, వానికి రామనగరం మార్కెట్టులో ఎవరి మొగమూ తెలీదు. పోయిన సోమవారం నుంచి వాని కింద జీతానికి నేనే తోలతా ఉండాను. పొగ జోలికి పోవద్దన్నావు. గొంతు లేనోణ్ణి నమ్మి ఎవడన్నా ఇచ్చే పని ఇంకోటి ఉంటే చెప్పు, పోను. అత్త మెడకు తడిగుడ్డ చుట్టి పంపిస్తాది. కోలారు చేరేలోపల నల్లగా అయితాది, ఇంకోటి మార్చుకుంటాను. సందకాడ ఇంటికొస్తే అత్త ఆ గుడ్డలు నా కంటికి కనపడకుండా ఉతకతాది. డాక్టరు కాడికి పోదామంటే నేనే వద్దన్నాను. ఆయన చెప్పేది నాకు తెల్సు.

నువ్వు వస్తానన్నావు. రావద్దు. వస్తే నీ మొగం చూసి కనుక్కుంటారు, నువ్వు చిన్నప్పటి నుంచి ఏదీ దాచలేవు. ఇప్పుడు నేను రోడ్డు మీద పోతా ఉంటే నలుగురూ ఏమనుకున్నా, ఒకడన్నా, "ఇంజనీరు మామ పోతా ఉండాడు," అంటాడు. నన్ను పిలిచే పేరు ఇంక అదొక్కటే శశీ. గురుమూర్తీ అని పిలిస్తే పలికేదానికి నాకు గొంతు లేదు, ఎవరూ పిలవడం కూడా మానేసినారు. నీకు పని లేదంటే నేను నిన్ను ఏమీ అనను. నీ లెక్క రెండు కిలోమీటర్ల తేడాతో వచ్చింది చూడు, అది చదివి గర్వపడినాను కూడా. ఊరికి మటుకు చెప్పలేను.

ఇంక ఉత్తరాల సంగతి. ఇంట్లో సంగతులు అని ఒక తూరి అంటే నమ్మినారు, రెండో తూరి నమ్మరు. ఈ తూరి నుంచి వచ్చినవి బైరప్ప చేతికి ఇయ్యాల్సిందే. అందుకని చెప్తా ఉండాను. ముందు మాదిరి తమాషాగా, మేనేజరు అట్లన్నాడు, ఆఫీసులో ఇట్ల జరిగింది అని రాయగలిగితే రాయి, అందరి ముందర చదివిస్తాను. నిజం రాయాలనిపిస్తే మటుకు రాయొద్దు.

మామ